కాంగో రెడ్ నీలం తిరగడం లేదు, క్లాథ్రిన్ దారో కేవియోలా దారో తేలడం లేదు

మహేంద్రతనయ ఒడ్డు, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. ప్లస్ టూ (ఇంటర్), ప్లస్ త్రీ (డిగ్రీ) పిల్లలకు ఎండోసైటోసిస్, అంటే కణం తన పొరను లోపలికి ముడిచి బయటి సరుకును మింగడం, ఆ పాఠం చెబుతుంటే రెండు చోట్ల బండి ఆగిపోతోంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఒకటి ప్రాక్టికల్. వరిగడ్డి నీళ్లలో పెంచిన పారమీషియం అనే ఏకకణ జీవికి కాంగో రెడ్ పట్టించిన ఈస్టు పెడుతున్నాం. ఎర్రటి గింజలు గొంతులోకి జారడం, ఆహార రిక్తికలు (మింగిన ఆహారం చేరే తిత్తులు) నిండడం చక్కగా కనిపిస్తున్నాయి. లోపల ఆమ్లం చేరి నీలం తిరగాలి కదా, అదే జరగడం లేదు. పది స్లైడుల్లో ఒకటి రెండింట్లో ఊదాగా అనిపిస్తోంది, మిగతావన్నీ ఎరుపే. మేం చేస్తున్నది ఇది: పొడి ఈస్టు 3 గ్రాములు, కాంగో రెడ్ 30 మిల్లీగ్రాములు, నీళ్లు 10 మి.లీ., పది నిమిషాలు మరిగించడం. స్లైడు మీద పారమీషియం చుక్క ఒకటి, అంతే ఈస్టు చుక్క, పైన మిథైల్ సెల్యులోజ్ చుక్క, కవర్‌స్లిప్. అరగంట ఆగి చూడటం.

రెండోది ఎమ్మెస్సీ పిల్లల ప్రాజెక్టు. 100 నానోమీటర్ల మెరిసే పాలిస్టైరీన్ (ప్లాస్టిక్) పూసలు హీలా కణాల్లోకి (ల్యాబుల్లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) ఏ దారిన పోతున్నాయో తేల్చాలి. క్లోర్‌ప్రొమజిన్ పెడితే లోపలికి పోయేవి సగానికి తగ్గాయి. మిథైల్ బీటా సైక్లోడెక్స్ట్రిన్ పెట్టినా సగానికే తగ్గాయి. మొదటి మందు క్లాథ్రిన్‌ని (పొర గుంట చుట్టూ తట్టలా అల్లుకునే ప్రొటీన్) ఆపుతుంది, రెండోది కేవియోలాని (పొర మీది సీసాల్లాంటి చిన్న గుంటలు) ఆపుతుంది కాబట్టి "సగం క్లాథ్రిన్, సగం కేవియోలా" అని రాయించవచ్చా? పుస్తకంలో పట్టిక చూస్తే ఏ సరుకు ఏ దారిన పోతుందో అంతా పరిమాణాన్ని బట్టే తేలిపోయినట్టు ఉంటుంది.

బరంపురం ల్యాబు

మాస్టారూ, మొదటి ప్రశ్నకు నేను చెబుతాను. మీ రంగు బాగానే ఉంది. తేడా వస్తున్నది సమయం దగ్గర.

పారమీషియం గొంతు అడుగున రిక్తిక తెగి విడిపోయేసరికి లోపలి పీహెచ్ దాదాపు బయటి నీళ్లదే, 7 దరిదాపుల్లో ఉంటుంది. వెంటనే ఆసిడోజోములనే తిత్తులు వచ్చి దానిలో కలుస్తాయి. ఐదు నిమిషాలు తిరిగేలోపు పీహెచ్ 3కి పడిపోతుంది. ఆ సమయంలోనే రిక్తిక నీళ్లు కోల్పోయి చిక్కిపోతుంది, మునుపటి త్వచం తునకలుగా విడిపోయి వెనక్కి పోతుంది. లైసోజోములు (జీర్ణ ఎంజైముల తిత్తులు) కలిసేది ఆ తర్వాతే. అవి కలిశాక రిక్తిక మళ్లీ ఉబ్బుతుంది, పీహెచ్ మళ్లీ పైకి లేస్తుంది. హవాయి విశ్వవిద్యాలయంలో రిచర్డ్ అలెన్, ఆగ్నెస్ ఫాక్ ఈ వరసంతా విడదీసి చూపారు. మన పుస్తకాల్లో ఆమ్లాన్ని లైసోజోమే తెస్తుందని రాసేస్తారు. పారమీషియంలో ఆమ్లం ముందు, ఎంజైములు తర్వాత.

కాంగో రెడ్ పీహెచ్ 3 దగ్గర నీలం, 5 దాటితే ఎరుపు, నడుమ ఊదా. కాబట్టి నీలం కనబడేది నడిమి కొద్ది నిమిషాలే. మీరు అరగంటకు చూస్తున్నారు. పైగా చుట్టూ ఈస్టు ఇంకా నిండుగా ఉంది, జీవి మింగుతూనే ఉంది. అప్పుడే మింగినవి ఎరుపు, ముసలి రిక్తికలు తిరిగి ఎరుపు. ఆ గుంపులో ఒకటో రెండో మాత్రమే ఊదాగా మీ కంట పడుతున్నాయి.

మరి ఏం చేయాలంటే, కొంచెంసేపు తినిపించి ఆపేయాలి.

ముందు పారమీషియంని చిక్కబరచుకోండి. పొడవు మెడ ఫ్లాస్కులో కల్చర్‌ని అంచుదాకా నింపి కదపకుండా అరగంట ఉంచితే అవి మెడలోకి ఎక్కి చేరతాయి. పై 1 మి.లీ. డ్రాపరుతో తీసి వాచ్‌గ్లాసులో వేయండి. ఒకే ఒక్క చుక్క ఈస్టు కలిపి గడియారం చూసుకోండి. రెండు నిమిషాలు కాగానే అదే కల్చర్ నీళ్లు, వడగట్టినవి, 9 మి.లీ. పోసేయండి. ఈస్టు పదోవంతుకు పలచబడుతుంది, కొత్తగా మింగడం బాగా తగ్గుతుంది. మూడో నిమిషం నుంచి పన్నెండో నిమిషం దాకా నిమిషానికో చుక్క తీసి చూడండి. ఒక జీవి లోపలి రిక్తికలన్నీ ఇంచుమించు ఒకే వయసువి కాబట్టి ఎరుపు, ఊదా, నీలం, మళ్లీ ఎరుపు వరసగా వస్తాయి. గది చల్లగా ఉన్న రోజు ఇదంతా మెల్లగా జరుగుతుంది, వేసవిలో తొందరగా అయిపోతుంది.

ఇక కొలతలు. 3 గ్రాముల లెక్క అచ్చు కట్టిన తడి ఈస్టుకు. పొడి ఈస్టయితే 1 గ్రాము చాలు. మీరు మూడింతలు వేస్తున్నారు, అందుకే కిక్కిరిసిపోయి ఏ రిక్తిక ఎప్పటిదో తెలియడం లేదు. మరిగించి చల్లార్చాక గింజలు అడుక్కు దిగనిచ్చి పైన తేరిన ఎర్ర నీళ్లు వంచేసి, మామూలు నీళ్లతో రెండుసార్లు కడగండి. కడగకపోతే గింజకు పట్టని రంగు నీళ్లలోనే ఉండిపోయి తెర అంతా ఎర్రగా కనిపిస్తుంది, వెనకాల ఉన్న లేత నీలం మునిగిపోతుంది.

మిథైల్ సెల్యులోజ్ తినిపించేటప్పుడు వేయకండి. చిక్కటి ద్రవంలో శైలికలు (ఒంటి మీది సన్నని వెంట్రుకలు) నీళ్లను గొంతులోకి తోయలేవు, ఆకలిగా ఉన్నా తినలేవు. తిన్నాక, కవర్‌స్లిప్ వేసే ముందు 3 శాతం ద్రావణం చిన్న వలయంలా పెట్టి మధ్యలో చుక్క వేయండి. అది లేకపోతే దూది పోగులు నాలుగు విడదీసి పరిస్తే చాలు, వాటి సందుల్లో ఇరుక్కుని నిలబడతాయి. ఫార్మలిన్ వేసి చంపి చూస్తే మాత్రం ఈ ప్రయోగం పోయినట్టే. త్వచం ఆమ్లాన్ని పట్టి ఉంచలేదు, రంగు ఒక్క క్షణంలో మారిపోతుంది.

చాలామంది పట్టించుకోనిది ఇంకోటి ఉంది. మైక్రోస్కోపులో పసుపు వెలుగు బల్బు ఉంటే నీలం నల్లగా కనిపిస్తుంది. నీలి ఫిల్టరు పెట్టండి, లేదా తెల్ల ఎల్‌ఈడీ వాడండి. శైలికలు చూడటానికి డయాఫ్రమ్ మూస్తాం కదా, రంగు చూసేటప్పుడు తెరవాలి.

గడ్డి సంగతి: లీటరు నీళ్లకు గుప్పెడు గడ్డి, కత్తిరించి పావుగంట మరిగించి, రెండు రోజులు మూత వదులుగా పెట్టి, తర్వాత చెరువు నీళ్లు కలపాలి. వారానికి నిండుగా వస్తాయి. మందు కొట్టిన పొలం గడ్డి వద్దు. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ఒక రోజు తెరిచి ఉంచండి.

కాంగో రెడ్ బెంజిడిన్ నుంచి తయారయ్యే రంగు, క్యాన్సర్ ప్రమాదం ఉన్న జాతి. తూచడం, మరిగించడం మీరే చేయండి, చేతికి తొడుగు వేసుకోండి. పిల్లలకు తయారైన చుక్క మాత్రమే ఇవ్వండి. వాడేసిన నీళ్లు సింకులో పోయకుండా సీసాలో పోగుచేయండి.

మహేంద్రతనయ ఒడ్డు, పర్లాకిమిడి

ఎంత స్పష్టంగా చెప్పారండీ. తడి ఈస్టు, పొడి ఈస్టు తేడా ఇన్నాళ్లూ తట్టనే లేదు. ఒక చిన్న అనుమానం. పారమీషియం ఇలా మింగడాన్ని కణభక్షణ అనవచ్చా? తెల్లరక్తకణం మింగడమూ ఇదీ ఒకటేనా?

బరంపురం ల్యాబు

కణభక్షణే. మింగే తీరు మాత్రం వేరు. పారమీషియంకి నోరు ఒక చోటే ఉంది, ఒళ్లంతా పెల్లికిల్ అనే గట్టి పై పొర. రిక్తికకు కావలసిన త్వచం పైనుంచి రాదు, లోపల సిద్ధంగా ఉన్న చక్రాల్లాంటి తిత్తులు గొంతు అడుక్కి వచ్చి కలిసి ఇస్తాయి. తెల్లరక్తకణానికి నోరంటూ లేదు, ఎక్కడ తగిలితే అక్కడే నోరు. బ్యాక్టీరియా ఒంటికి అంటుకున్న యాంటీబాడీ తోకల్ని ఎఫ్‌సీ గ్రాహకాలు (పొర మీద ఉండి పట్టుకునే ప్రొటీన్లు) ఒక్కొక్కటిగా పట్టుకుంటూ పోతాయి, వెనకాలే ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగుల అల్లిక త్వచాన్ని ముందుకు తోస్తుంది. జిప్పు పట్టినట్టు చుట్టూ మూసుకుంటుంది. పూసకు సగం వైపే యాంటీబాడీ పూస్తే సగం దాకా వెళ్లి ఆగిపోతుంది. జీవశాస్త్రవేత్త మెచ్నికాఫ్ 1882లో ఇటలీలోని మెస్సీనాలో నక్షత్రచేప పిల్లల ఒంట్లోకి గులాబీ ముల్లు గుచ్చి చూసింది ఈ కణాల్నే. 1908లో ఎర్లిఖ్‌తో కలిపి నోబెల్ వచ్చింది.

నాగావళి, రాయగడ

రెండో ప్రశ్నకు వస్తాను. మాస్టారూ, "సగం అది, సగం ఇది" అని మాత్రం రాయించకండి. ఆ రెండు మందులూ ఒకే దారిని రెండు చోట్ల అడ్డుకుని ఉండవచ్చు.

క్లోర్‌ప్రొమజిన్ ఏపీ2నీ (క్లాథ్రిన్‌ని పొరకు తగిలించే ప్రొటీన్) క్లాథ్రిన్‌నీ పై పొర మీంచి తప్పించి లోపలి ఎండోజోముల (మింగినవి మొదట చేరే తిత్తులు) మీద చేరుస్తుంది. మిలీకి 10 మైక్రోగ్రాముల దగ్గర అరగంటలో పనిచేస్తుంది, కానీ చాలా రకాల కణాలకు ఆ మోతాదు విషానికి ఒక అడుగు ఇవతల ఉంటుంది. కణాలు గుండ్రబడి లేచిపోతుంటే అన్ని దారులూ తగ్గుతాయి.

సైక్లోడెక్స్ట్రిన్ పొరలోంచి కొలెస్ట్రాల్‌ని లాగేస్తుంది. కేవియోలాలు చదునైపోవడం నిజమే. అయితే క్లాథ్రిన్ గుంటలు కూడా లోతు దిగకుండా చదునుగానే ఆగిపోతాయి. 1999లోనే రెండు వేర్వేరు బృందాలు ఇది చూపించాయి. ఆక్టిన్ కదలికా, కణం ద్రవాన్ని గుక్కలుగా మింగే మాక్రోపినోసైటోసిసూ అన్నీ దెబ్బతింటాయి. కాబట్టి ఈ మందుతో తగ్గితే "కొలెస్ట్రాల్ కావాలి" అని మాత్రమే రాయాలి. కేవియోలా అనే మాట దానిలోంచి రాదు.

ప్రాజెక్టు ఇలా నడిపించండి.

అదే రోజు, అదే కణాలతో, అదే మందుతో రెండు సాక్షుల్ని పక్కన నడపండి. క్లాథ్రిన్ దారికి ట్రాన్స్‌ఫెరిన్ (రక్తంలో ఇనుము మోసే ప్రొటీన్), మాక్రోపినోసైటోసిస్‌కి 70 కిలోడాల్టన్ల డెక్స్‌ట్రాన్ (చక్కెరల గొలుసు). క్లోర్‌ప్రొమజిన్‌తో ట్రాన్స్‌ఫెరిన్ బాగా పడిపోయి డెక్స్‌ట్రాన్ నిలిస్తే మందు సరైన చోట కొట్టినట్టు. రెండూ పడిపోతే కణాలు జబ్బుపడ్డాయి, మోతాదు తగ్గించాలి. ట్రాన్స్‌ఫెరిన్ తగ్గనే లేదంటే మందు పని చేయలేదు, పూసల లెక్క చూడక్కర్లేదు.

ట్రాన్స్‌ఫెరిన్‌కి ముందు కణాల్ని సీరం లేని మాధ్యమంలో 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచండి. సీరంలోని పశువు ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకాల్ని పట్టుకుని కూర్చుంటే మన మెరిసేది అంటుకోదు. తర్వాత మిలీకి 25 మైక్రోగ్రాములు, 37 డిగ్రీల్లో ఐదు నుంచి పది నిమిషాలు. అంతకు మించితే తిరిగి బయటికి వచ్చేది మొదలై లెక్క కలగలిసిపోతుంది. బయట మిగిలినదాన్ని కడగడానికి పీహెచ్ 5 ద్రావణం ఒక్కటీ వాడితే పని జరగదు. ఆ పీహెచ్‌లో ఇనుము ఊడిపోతుంది గాని ఖాళీ ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకాన్ని ఇంకా గట్టిగా పట్టుకునే ఉంటుంది. మంచు మీద 0.2 మోలార్ అసిటిక్ ఆమ్లం, 0.5 మోలార్ ఉప్పు కలిపిన ద్రావణంతో కడగాలి. లేదా పీహెచ్ 5తో కడిగి, ఆ వెంటనే ఇనుమును పట్టేసుకునే డెఫెరాక్సమిన్ కలిపిన పీహెచ్ 7.4 ద్రావణంతో కడగాలి.

పూసల విషయంలో మంచు కంట్రోలు తప్పనిసరి. 4 డిగ్రీల దగ్గర ఏ ఎండోసైటోసిసూ నడవదు. అప్పుడు కూడా కనబడే వెలుగంతా పైన అతుక్కున్న పూసలదే, దాన్ని తీసేయాలి. పాలిస్టైరీన్ పూసలు జిగురులా అంటుకుంటాయి, కొన్నిసార్లు లోపలికి పోయాయనుకున్నవాటిలో పెద్దభాగం ఇవే. ట్రైపాన్ బ్లూ పోసి బయటి వెలుగు ఆర్పేద్దామంటే కుదరదు, ఎందుకంటే ఈ పూసల్లో రంగు ప్లాస్టిక్ లోపల ఉంటుంది, ట్రైపాన్ దానిదాకా చేరదు. ఉపరితలం మీద ఫ్లోరెసీన్ అతికించిన పదార్థాలకే ఆ చిట్కా. వీటికి కన్‌ఫోకల్ మైక్రోస్కోపులో పొర పొరగా చూడాలి, లేదా పూసలకు బయోటిన్ అతికించి, కణాన్ని చిల్లు పరచకుండా, బయోటిన్‌ని పట్టుకునే స్ట్రెప్టావిడిన్‌తో బయటివాటిని వేరే రంగులో చూపించాలి.

గుంట మెడను తెంపే డైనమిన్ అనే ప్రొటీన్‌ని ఆపే మందు, డైనసోర్, వాడాలనుకుంటే 80 మైక్రోమోలార్, అదీ సీరం లేకుండా. సీరంలోని ప్రొటీన్లు దాన్ని పట్టేసుకుంటాయి, మందు పోసినా పోయనట్టే. డైనమిన్ జన్యువులు మూడూ తీసేసిన కణాల్లో కూడా డైనసోర్ కొన్ని పనుల్ని మార్చిందని తేలింది కాబట్టి దాని మీదే బరువంతా మోపవద్దు. క్లాథ్రిన్‌ని ఆపడానికి వాడే పిట్‌స్టాప్ 2 అంతే, క్లాథ్రిన్‌తో సంబంధం లేని దారుల్నీ తగ్గిస్తుంది. అసలు నమ్మదగిన రుజువు క్లాథ్రిన్ హెవీ చైన్‌ని గానీ ఏపీ2ని గానీ ఎస్ఐఆర్‌ఎన్‌ఏతో (ఒక ప్రొటీన్ తయారీని ఆపే చిన్న ఆర్‌ఎన్‌ఏ) తగ్గించడం. మూడు రోజులు పడుతుంది, వెస్ట్రన్ బ్లాట్‌లో ప్రొటీన్ నిజంగా పోయిందని చూపాలి. కేవియోలా అనాలంటే దాన్ని కట్టే ప్రొటీన్ కేవియోలిన్ 1 తగ్గించి చూపాలి.

కేవియోలా గురించి ఒక మాట. ఎండోథీలియం (రక్తనాళాల లోపలి పొర), కొవ్వు కణాలు, కండరాల మీద ఇవి కిక్కిరిసి ఉంటాయి. 60 నుంచి 80 నానోమీటర్ల సీసాల్లాంటి గుంటలు. చాలావరకు కదలకుండా అక్కడే ఉంటాయి. కణం సాగినప్పుడు ఇవి విప్పుకుని పొరకు అదనపు నిడివి ఇస్తాయి, తెగకుండా కాపాడతాయి. పదార్థాన్ని మోసే బండ్లుగా వాటిని ఊహించుకోవడం వల్లే ఇన్ని తప్పు ప్రాజెక్టులు. "కేవియోజోమ్" అని 2001లో వచ్చిన ప్రత్యేక గది కూడా, కేవియోలిన్ మరీ ఎక్కువ తయారుచేయించడం వల్ల కనిపించిందని 2010లో అదే ప్రయోగశాల చెప్పేసింది. పాత స్లైడుల్లో ఆ బొమ్మ ఉంటే కొట్టేయండి.

క్లాథ్రిన్ దారి మాత్రం పిల్లలకు నిమిషం నిడివి సినిమాలా చెప్పవచ్చు, ఎందుకంటే ఒక గుంట పుట్టి తెగిపోవడానికి పట్టేది సుమారు నిమిషమే. పొర లోపలి వైపు పీఐపీ2 అనే కొవ్వు ఉన్నచోట ఎఫ్‌సీహెచ్‌ఓ, ఎప్స్15, ఏపీ2 అనే ప్రొటీన్లు చేరతాయి. ఏపీ2 ముడుచుకుని వస్తుంది, పీఐపీ2 తగలగానే విప్పుకుని గ్రాహకాల తోకల్ని పట్టుకుంటుంది. అప్పుడు క్లాథ్రిన్ వచ్చి పడుతుంది. ఒక్కోదానికి మూడు కాళ్లు. కాళ్లు కాళ్లలో పెనవేసి ఆరు మూలల గళ్లు, ఐదు మూలల గళ్లు అల్లుతాయి. కొండల్లో వెదురు తట్ట అల్లేవాళ్లను చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. గళ్లన్నీ ఆరు మూలలవైతే చాపే వస్తుంది, వంపు రావాలంటే ఐదు మూలలవి కావాలి. పూర్తిగా మూసుకున్న గోళానికి సరిగ్గా పన్నెండు ఐదు మూలల గళ్లు ఉండితీరాలి, అది జ్యామితి. మెడ సన్నబడగానే డైనమిన్ చుట్టుకుని జీటీపీ (కణం శక్తికి వాడే అణువు) ఖర్చుపెట్టి తెంపుతుంది. తెగాక కొన్ని సెకన్లలోనే ఆక్సిలిన్, హెచ్‌ఎస్‌సీ70 అనే ప్రొటీన్లు కలిసి ఆ తట్టను విప్పేస్తాయి. ముక్కలు మళ్లీ వాడుకలోకి పోతాయి.

డైనమిన్ లేకపోతే ఏమవుతుందో, దాని జన్యువు చెడిన షిబిరే అనే పండు ఈగల్లో చూడొచ్చు. ఉష్ణోగ్రత 29 డిగ్రీలు చేరితే పక్షవాతం వచ్చినట్టు పడిపోతాయి, చల్లబరిస్తే లేచి తిరుగుతాయి. నాడి కొనల దగ్గర గుంటలు మెడదాకా వచ్చి తెగక వేలాడుతుంటాయి, సందేశం పంపే తిత్తులు అయిపోతాయి.

వంశధార, గుణుపురం

నాగావళి గారూ, మాస్టారు చెప్పిన పట్టికను మీరు పట్టించుకోలేదు. పరిమాణాన్ని మరీ కొట్టిపారేయకూడదేమో. 100 నానోమీటర్ల తట్టలో 500 నానోమీటర్ల సరుకు పట్టదు కదా. పట్టికలో అర మైక్రాన్ (500 నానోమీటర్లు) దగ్గర గీత ఆ లెక్కనే గీశారు.

నాగావళి, రాయగడ

పట్టదన్న మాట చాలావరకు నిజమే, కానీ గీత అక్కడ గట్టిగా నిలబడదు. తుపాకీ గుండు ఆకారంలో ఉండే వీఎస్‌వీ వైరస్ పొడవు 200 నానోమీటర్ల దాకా ఉంటుంది. క్లాథ్రిన్ దాని చుట్టూ పూర్తిగా అల్లుకోకుండానే ఆక్టిన్ సాయంతో లోపలికి లాగుతుంది. లిస్టీరియా బ్యాక్టీరియా మైక్రాన్ పొడవు, దాని ప్రవేశానికి కూడా క్లాథ్రిన్ కావాల్సి వచ్చింది. ఇటు నుంచి చూస్తే, చిన్న వస్తువు చిన్న దారినే పోవాలన్న నియమమూ లేదు. మాక్రోపినోసైటోసిస్ పొర అలలా లేచి వెనక్కి వాలి మైక్రాన్ల వెడల్పు గుక్క తీసుకుంటుంది. ఆ గుక్కలో 100 నానోమీటర్ల పూసలూ పోతాయి, ఆల్బుమిన్ కూడా పోతుంది. రాస్ జన్యువు చెడిన క్యాన్సర్ కణాలు ఇలా ఆల్బుమిన్ తాగి, లోపల జీర్ణించుకుని అమైనో ఆమ్లాలు సంపాదించుకుంటాయని 2013లో చూపారు.

పైగా పూస సీసా మీద 100 అని ఉన్నా మాధ్యమంలో ఉప్పు వల్ల ముద్దకడితే కణానికి తగిలేది 600 కావచ్చు. ప్రాజెక్టులో వాడే మాధ్యమంలోనే డీఎల్‌ఎస్‌తో (కాంతి చెదిరే తీరును బట్టి పరిమాణం కొలిచే పద్ధతి) కొలిచి ఆ సంఖ్య రాయించండి. మాక్రోపినోసైటోసిస్ తేల్చడానికి ఈఐపీఏ అనే మందు 25 నుంచి 50 మైక్రోమోలార్ దగ్గర మొదలుపెట్టండి. అది సోడియం, ప్రోటాన్ల మార్పిడిని ఆపి పొర కిందే ఆమ్లం పెంచుతుంది, అలలు లేవవు. ఆక్టిన్‌ని ఆపే సైటోకలాసిన్ మాత్రం ఏ ఒక్క దారికీ గుర్తు కాదు.

ప్రాణహిత, సిరోంచ

నమస్తే సార్. అందరు మంచిగ చెప్పిన్రు. నేను మలేరియా ముచ్చట కలుపుత. మా గడ్చిరోలిల గాని, మీ కోరాపుట్, మల్కన్‌గిరిల గాని పిల్లలకు ఈ జరం కొత్త గాదు, అందుకే ఈ ఉదాహరణ జల్ది ఎక్కుతది.

శానా మంది పిల్లలు "ఎర్రరక్తకణం మలేరియా క్రిమిని మింగుతది" అని రాస్తరు. తప్పు. పండిన ఎర్రకణానికి మింగే శక్తే లేదు. అది ఎముక మజ్జల ఉన్నప్పుడు ఇనుము కోసం ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకాలతోని మస్తుగ మింగుతది, పండేటప్పుడు ఆ గ్రాహకాలను చిన్న తిత్తులల్ల కట్టి బయట పారేస్తది. మనం ఇప్పుడు ఎక్సోజోములు అంటున్నయి మొదలు దొరికింది ఈ పనిల్నే, 1983ల. క్రిమి తన సొంత ఆక్టిన్, మయోసిన్ మోటారుతోని తానే తోసుకొని లోపలికి పోతది.

మింగుడు అసలు అప్పుడే షురువైతది, మింగేది మాత్రం క్రిమి. దాని ఒంటి మీద సైటోస్టోమ్ అనే చిన్న నోరు ఉంటది. క్రిమి చుట్టు రెండు పొరలు గద, ఒకటి తనది, ఒకటి తాను దాక్కున్న రిక్తికది. రెండు కలిసి లోపలికి వంగి హిమోగ్లోబిన్‌ను గుక్క పట్టి ఆహార రిక్తికకు చేరుస్తయి. అక్కడ పీహెచ్ 5 దరిదాపు. ప్లాస్మెప్సిన్లు, ఫాల్సిపైన్లు అనే ఎంజైములు ప్రొటీన్‌ను కోస్తయి, మిగిలిన హీమ్ (ఇనుము ఉండే ముక్క) విషం గనక దాన్ని హీమోజోయిన్ పలుకులు చేస్తది. రక్తం స్లైడుల క్రిమి నడుమ గోధుమ నలుపు చుక్క కనబడుతది గద, గదే అది.

వైవాక్స్ రకం మలేరియాకు ఇచ్చే క్లోరోక్విన్ బలహీన క్షారం. మామూలుగ పొరల నుంచి అటూ ఇటూ పోతది, ఆ పుల్లటి రిక్తిక లోపటికి పోంగనే ప్రోటాన్ పట్టుకొని బయటికి రాలేక అక్కడే పోగుపడుతది, హీమ్‌ను పలుకు గట్టనీయదు. ఫాల్సిపారం రకానికి ఇచ్చే ఆర్టిమిసినిన్ జాతి మందు ఇంకో తీరు. దాని పెరాక్సైడ్ బంధాన్ని హీమ్‌ల ఇనుమే తెరుస్తది. అంటే క్రిమి ఎంత హిమోగ్లోబిన్ మింగితే మందు అంత మండుతది. ఆ సైటోస్టోమ్ మెడకాడ కే13 అనే ప్రొటీన్ ఉంటది. అది చెడితే రింగ్ దశల (ఎర్రకణంలకు చేరిన కొత్తల) క్రిమి తక్కువ మింగుతది, హీమ్ తక్కువ, మందు నిద్రవోతది, క్రిమి బతికిపోతది. ఈ లంకె 2020ల తేలింది. మందు నిరోధం ఎండోసైటోసిస్ తగ్గుడుతోని వస్తదని చెప్పనీకె ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తెల్వదు.

నాగావళి మేడం, మీరు ఏపీ2 అంటే క్లాథ్రిన్ చుట్టం అన్నట్టు చెప్పిన్రు. ఈ క్రిమి నోటికాడ ఏపీ2 ముక్క ఉంటది గాని క్లాథ్రిన్ ఉండదు. మనిషి కణంల చెల్లే రుజువు అన్నిట్ల చెల్లదు.

దోమది గూడ ఒకటి చెప్త. క్లాథ్రిన్ గుంటలు మొదలు బాగా కనబడ్డది ఏడిస్ ఈజిప్టి దోమ గుడ్డుకణంలనే, 1964ల రోత్, పోర్టర్ చూసిన్రు. రక్తం తాగిన ఏడు గంటలకు గుడ్డుకణం మీద 140 నానోమీటర్ల గుంటలు పదిహేను రెట్లు పెరిగినయి. గుడ్డు పచ్చసొన ప్రొటీన్ అంతా ఆ గుంటల నుంచే లోపలికి పోతది. క్లాథ్రిన్ అనే పేరు అప్పటికి లేదు. పంది మెదడు నుంచి ఆ ప్రొటీన్‌ను తీసి పేరు పెట్టింది బార్బరా పియర్స్, 1970లల్ల.

నాగావళి, రాయగడ

ప్రాణహిత గారూ, మీరు దిద్దింది సరైనదే. "హీలాలో ఏపీ2" అని ఉండాలి నా మాట.

మహేంద్రతనయ ఒడ్డు, పర్లాకిమిడి

ప్రాజెక్టు పిల్లలకు సాక్షులతో మళ్లీ మొదలుపెట్టమని చెప్పాను. ఇంకొక్కటే అడుగుతాను. ప్లస్ టూ పిల్లల చేత పరిమాణాల పట్టిక బదులు ఏం రాయించాలి? పరీక్షలో పట్టిక అడుగుతారు, అది ఎలాగూ నేర్పాలి. దానితోపాటు అర్థమయ్యేది ఒకటి కావాలి.

బరంపురం ల్యాబు

ఒక్క ఇనుము పరమాణువు ప్రయాణం బొమ్మ వేయించండి మాస్టారూ, చోటుచోటుకీ పీహెచ్ రాయమనండి. ఏ పదార్థమైనా దేన్ని పట్టుకుంది, పొరను ఎవరు వంచారు, ఎవరు తెంపారు, లోపల ఎక్కడికి చేరింది అని అడగడం దానితోనే అలవాటవుతుంది.

రక్తంలో పీహెచ్ 7.4. ట్రాన్స్‌ఫెరిన్ రెండు ఇనుము పరమాణువులు మోసుకుని వస్తుంది, ఈ పీహెచ్‌లో నిండుదాన్నే గ్రాహకం గట్టిగా పట్టుకుంటుంది. క్లాథ్రిన్ వంచుతుంది, డైనమిన్ తెంపుతుంది. తొలి ఎండోజోములో ప్రోటాన్ పంపు పీహెచ్‌ని 6 దగ్గరికి, ఇంకా కిందికి దించుతుంది. ఇనుము ఊడుతుంది. స్టీప్3 అనే ఎంజైము దాన్ని ఫెర్రిక్ నుంచి ఫెర్రస్ చేస్తుంది, పొరలోని డీఎమ్‌టీ1 అనే ప్రొటీన్ కణద్రవ్యంలోకి పంపుతుంది. ఇక్కడ పిల్లలు ట్రాన్స్‌ఫెరిన్‌ని లైసోజోముకు పంపేస్తారు, అక్కడ ఆపండి. దాన్ని ఎల్‌డీఎల్‌తో (రక్తంలో కొలెస్ట్రాల్ మోసే రేణువు) పోల్చి చూపించండి. ఎల్‌డీఎల్ ఆమ్లంలో గ్రాహకాన్ని వదిలేసి లైసోజోముకు పోయి ముక్కలవుతుంది, గ్రాహకం ఒక్కటే పైకి తిరిగి వస్తుంది. ట్రాన్స్‌ఫెరిన్ ఆమ్లంలో వదలదు, ఖాళీగా ఉన్నా గ్రాహకాన్ని పట్టుకునే పైకి వస్తుంది. బయట పీహెచ్ 7.4 తగలగానే ఊడి మళ్లీ ఇనుము కోసం పోతుంది. ఈ చుట్టు మొత్తం పావుగంట లోపే.